ముందు గోడ, తర్వాతే తాపడం

తిరుపతి గాంధీ రోడ్డులో మీరు ఎప్పుడో ఒకప్పుడు నడిచే ఉంటారు. రైలు దిగి గోవిందరాజస్వామి గుడి వైపు పోయేటప్పుడో, పెళ్లి సామాన్లు కొనేటప్పుడో. ఎప్పుడైనా ఆ రోడ్డులో ఆగి తలెత్తి చూశారా? షాపును కాదు. షాపు బోర్డుకు పైన ఏముందో.

నేను చూస్తుంటాను. పాత కట్టడాలకు మరమ్మతులు చేయించడం నా వృత్తి. ముప్పై ఏళ్లుగా అదే పని కాబట్టి నా మెడ పైకే తిరుగుతుంది. పైన ఏం కనపడుతుందో చెబుతాను. మొదట ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీ చిరిగిన చోట, దాని వెనక రేకు బోర్డు. రేకు ఒరిగిన చోట నీలం అద్దం. అద్దం పగిలిన చోట పాత మిద్దె గోడ. ఆ గోడ మీద ఎవరో ఓపికగా సున్నపు గారతో తీర్చిన తీగ, ఆ తీగ సందులో ఒక పావురం గూడు. నాలుగు పొరలు. పదేళ్లకు ఒక పొర. ఏ పొరా తన కింద ఉన్నదాన్ని అడిగి ఎక్కలేదు.

ఈ రోజు మనం మాట్లాడుకునేది ఆ పొరల గురించే. పాత షాపుకో, పాత లాడ్జికో, పాత కాంప్లెక్సుకో బయటి రూపం మార్చాలనుకుంటాం. మన ఊళ్లలో దానికి ‘ఎలివేషన్ మార్చడం’ అని పేరు. బాగుందో లేదో ఎట్లా తేల్చుకోవాలి? దేన్ని కొలబద్ద పెట్టుకోవాలి?

ఎలివేషన్ అనే మాట కన్నా మంచి మాట మన దగ్గరే ఉంది. తాపడం. తిరుపతివాళ్లకు ఈ మాట ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆనందనిలయానికి బంగారు తాపడం అంటాం కదా. 1518లో శ్రీకృష్ణదేవరాయలు ముప్పై వేల వరహాలు ఇచ్చి ఆ తాపడం చేయించారని తిరుమల శాసనాలు చెబుతాయి. తాపడం అంటే పైన వేసే తొడుగు. అది బంగారమే కానీయండి, దాన్ని మోసి నిలబెట్టేది లోపలి కట్టడమే.

అందుకని నేను ఈ రోజు చెప్పే మాట ఒకటే. ముందు గోడ, తర్వాతే తాపడం. దీన్నే మళ్లీ మళ్లీ చెబుతాను. విసుక్కోకండి. రేడియోలో పేజీ వెనక్కి తిప్పుకోవడానికి లేదు మరి.

చిత్తూరులో మా మామకు ఒక బట్టల షాపు ఉంది. కింద షాపు, పైన రెండంతస్తులు. ఒకదాంట్లో సరుకు పెట్టుకుంటారు, ఇంకోటి ట్యూషన్ చెప్పేవాళ్లకు బాడుగకు ఇచ్చారు. ఎదురుగా ఒక కొత్త షోరూం వచ్చింది. మూడంతస్తుల ఎత్తున వెండి రంగు షీటు, రాత్రయితే జిగేల్‌మనే లైట్లు. ఆ లైట్లు వెలిగిన రోజు నుంచి మామకు నిద్ర లేదు. ఫోన్ చేశారు. "అబ్బోడా, దాని ముందర మనది గోనెసంచి కప్పుకున్నట్టు ఉండాది. దీపావళి లోపల ఏసీపీ షీటు కొట్టించేయాల. నువ్వొచ్చి రంగు చెప్పిపో" అన్నారు. నన్ను పిలిచింది రంగు చెప్పడానికి, అంతే.

నేను పోయేసరికి కాంట్రాక్టరు మనుషులు పాత రేకు బోర్డు విప్పుతున్నారు. ఆరు బోల్టులు. మూడింటిని స్పానరుతో తిప్పి తీశారు. నాలుగోది తిప్పే పనే లేకపోయింది. దానంతట అదే వచ్చేసింది, దోసెడు సిమెంటు పెచ్చును వెంటేసుకొని. ఆ గుంటలోకి తొంగిచూస్తే లోపల కమ్మీ. వేలితో గీరాను. మిరప్పొడి రంగులో పొరలు పొరలుగా రాలింది.

అక్కడ ఒక ముసలి మేస్త్రీ ఉన్నారు. ఆయన ఏమీ మాట్లాడకుండా చిన్న సుత్తి తీసుకొని, పరంజా మీద నడుస్తూ గోడంతా తట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు మీరు గుర్తు పెట్టుకోవాలి. గట్టి గోడను తడితే ‘టంగ్’ అంటుంది. లోపల విడిపోయిన గోడను తడితే ‘డబ్ డబ్’ అని బోలుగా పలుకుతుంది. పుచ్చకాయల బండి దగ్గర కాయ మీద వేలితో కొట్టి చూస్తాం చూడండి, అచ్చం అదే విద్య. మామ షాపు ముందుగోడ మూడో వంతు ‘డబ్ డబ్’ అనింది.

మామ కింద నుంచి అడిగారు. "పైన షీటు వచ్చేస్తాది గదా మేస్త్రీ, ఇంక ఎవురికి కనపడ్తాది?"

మేస్త్రీ పరంజా మీద నుంచే అన్నారు. "కనపడదు సామీ. నా భయమంతా దానికే."

ఎందుకు భయమో చెబుతాను. సిమెంటులోకి చెమ్మ దిగి కమ్మీని తాకితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉన్నచోట ఉండదు, ఉబ్బుతుంది. అసలు ఇనుము కన్నా తుప్పుకు చోటు చాలా ఎక్కువ కావాలి. ఆ చోటు కోసం పైనున్న సిమెంటును నెడుతుంది. అట్లా నెట్టినప్పుడే పగులు, ఆ తర్వాత పెచ్చు. పెచ్చు ఊడి కమ్మీ బయటపడితే కళ్లకు కనపడుతుంది, కనపడితే ఎవరో ఒకరు బాగుచేయిస్తారు. అదే దాని మీద మెరిసే షీటు బిగించారనుకోండి, లోపల పదేళ్లపాటు తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. బయట మీరు షీటు తుడిపిస్తూ ఉంటారు.

న్యూయార్క్‌లో 1979లో ఒక భవనం ముఖభాగం నుంచి ముక్క ఊడిపడి, కింద నడిచిపోతున్న ఒక కాలేజీ విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడాదే ఆ ఊరు చట్టం తెచ్చింది. ఆరంతస్తులు దాటిన ప్రతి భవనానికీ ఐదేళ్లకోసారి బయటి గోడలు నిపుణులతో చూపించి నివేదిక ఇవ్వాలి. ఆ నియమం అప్పటి నుంచీ గట్టిపడుతూ వస్తోంది. మన మేస్త్రీ చేతిలోని సుత్తికి అక్కడ చట్టం తోడుంది. మనకు మేస్త్రీ ఒక్కరే దిక్కు. కనీసం ఆయన మాటైనా విందాం.

మరమ్మతు పెద్ద బ్రహ్మవిద్య కాదు. బోలుగా పలికినంత మేరా చెక్కేయాలి. తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, కమ్మీ నిగనిగలాడేదాకా శుభ్రం చేయాలి. తుప్పు పట్టకుండా పూత పూసి, మరమ్మతుకని తయారుచేసిన గార పెట్టాలి. కమ్మీ మరీ సన్నబడిపోయి ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాల్సిందే. అక్కడ మేస్త్రీ అనుభవం కూడా చాలదు. షీటు ధరతో పోలిస్తే ఈ ఖర్చు ఎక్కువేం కాదు. కాకపోతే ఈ పనికి ఫొటో దిగదు. ప్రారంభోత్సవం ఉండదు. అదీ అసలు బాధ.

ఇక నీళ్ల సంగతి. తిరుపతి, చిత్తూరు వైపు గోడను తడిపేసే గట్టి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. బంగాళాఖాతం వైపు నుంచి గాలితో కలిసి ఏటవాలుగా కొడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మీరెవరూ మరిచిపోయి ఉండరు. అట్లాంటి వానకు షాపు ముందు గోడే ఎదురొడ్డి నిలబడుతుంది.

పాత మిద్దెల సజ్జ కింద ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశారా? సజ్జ అంచుకు కాస్త లోపలగా, అడుగున, వేలు పట్టేంత గాడి ఒకటి ఉంటుంది. కిటికీ ఈ చివర నుంచి ఆ చివర దాకా. అలంకారం అనుకుంటారు. కాదు. సజ్జ మీద పడిన నీరు అంచు దిగి, అడుగుభాగాన్ని పట్టుకొని గోడ వైపు పాకుతుంది. నీటికి ఆ బుద్ధి ఉంది. చెంబు వంచి నెమ్మదిగా నీళ్లు పోస్తే చెంబు పొట్ట మీదుగా కారి మన మోచేతికి వస్తాయి చూడండి, అదే బుద్ధి. ఆ గాడి దగ్గరికి వచ్చేసరికి నీరు దాటలేక చుక్కలు చుక్కలుగా కింద పడిపోతుంది. గోడ పొడిగా మిగులుతుంది. కొత్తగా సజ్జలకు సిమెంటు పూత పూసేటప్పుడు కుర్రవాళ్లు ఆ గాడిని పూడ్చేసి నున్నగా చేస్తున్నారు. "ఫినిషింగ్ బాగొచ్చింది సార్" అంటారు. గాడి పూడిన సజ్జ వానాకాలంలో గోడకు నీళ్లు పెట్టే కాలువ అవుతుంది.

ఇంకోటి. ప్రతి బోర్డుకూ ప్రతి ఫ్రేముకూ గోడలో రంధ్రాలు వేస్తాం. ప్రతి రంధ్రం ఒక నోరు. బోర్డు తీసేసినప్పుడు ఆ నోళ్లు మూయించండి. మా మామ షాపు గోడకు అట్లాంటివి నలభై పైచిలుకు లెక్కపెట్టాను. నాలుగు తరాల బోర్డుల గుర్తులవి.

గ్రానైట్ గురించి ఒక మాట చెప్పకపోతే మన చిత్తూరు జిల్లా ఒప్పుకోదు. కుప్పం గ్రానైట్ దేశాలు దాటి పోతుంది. ఇంట్లో సరుకు కదా అని షాపు ముఖానికి కూడా అంటిస్తున్నాం. నేల మీద పరిచిన రాయి ఎక్కడికీ పోదు. గోడకు అంటించిన రాయి అట్లా కాదు. రెండడుగుల చదరపు పలక, మామూలు మందంలోనే, ఇరవై కిలోల బరువు. వెనక వైపు నున్నగా ఉంటే సిమెంటు సరిగా పట్టదు. పగలు ఎండకు వేడెక్కి, రాత్రి చల్లబడి, ఏళ్ల తరబడి సాగుతూ ముడుచుకుంటూ ఒక రోజు పట్టు వదిలేస్తుంది. తలకు పైన ఎత్తులో రాయి పెట్టాలంటే తుప్పు పట్టని స్టీలు క్లాంపులతో బిగించాలి. అంటించి దణ్ణం పెట్టుకోవడం పద్ధతి కాదు.

మళ్లీ అదే మాట. ముందు గోడ, తర్వాతే తాపడం. గోడ గట్టిదని తేలింది. ఇప్పుడు తాపడం దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను.

ఏసీపీ షీటు అంటే రెండు పలుచటి అల్యూమినియం రేకులు, మధ్యలో ఒక పదార్థం. శాండ్‌విచ్ లాగా. మెరిసేది రేకు. ప్రమాదం మధ్యలో ఉన్నదానితో. చవక రకంలో ఆ మధ్య పదార్థం పాలిథీన్. మన బకెట్లు, సంచులు చేసే జాతి ప్లాస్టిక్. ఈ షీటును గోడకు నేరుగా అంటించరు. అల్యూమినియం ఫ్రేము కట్టి, గోడకు కొన్ని అంగుళాల ఎడంగా బిగిస్తారు. ఆ సందు కింది నుంచి పై అంతస్తు దాకా ఒకటే పొడుగు. పొగగొట్టం చూశారు కదా. అదే ఇది. కింద షాపులో ఒక వైరు అంటుకుంటే, మంట ఆ సందులో దూరి గొట్టంలో పొగలాగా పైకి ఎగబాకుతుంది.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అని 24 అంతస్తుల భవనం ఉండేది. పాతబడిందని బయటి రూపం మార్చారు. కొత్త తాపడం వేశారు. 2016లో పని పూర్తయింది. 2017 జూన్ 14 వేకువజామున నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర నిప్పు పుట్టింది. ఆ మంట కిటికీ దాటి బయటి తాపడానికి అంటుకుంది. అంటుకున్నాక అరగంట లోపే భవనం కొసకు చేరింది. 72 మంది చనిపోయారు. ఆ షీటు మధ్యలో ఉన్నది పాలిథీనే. నలభై ఏళ్లకు పైగా నిలబడిన కట్టడాన్ని ఏడాది కింద వేసిన కొత్త ముఖం కాల్చేసింది.

అది లండన్ అనుకోవద్దు. 2023 జూన్‌లో తిరుపతిలోనే, గోవిందరాజస్వామి గుడి దగ్గర, ఫొటో ఫ్రేముల దుకాణం ఉన్న భవనానికి నిప్పంటుకుంది. గుడి చుట్టూ ఉండే వీధులు మీకు తెలుసు. ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి ఆగాలి. అట్లాంటి వీధుల్లో అంటుకునే ముఖం పెట్టుకొని ఒక భవనం నిలబడిందంటే, అది పక్క షాపువాళ్ల గొడవ కూడా అవుతుంది.

అందుకని షీటు కొనేటప్పుడు మీరు అడగాల్సింది రంగు కాదు. "మధ్యలో ఏముంది?" అని అడగండి. ఖనిజ పదార్థం నింపిన, మంటను పట్టుకోని రకం ఉంటుంది. దాన్ని ఏ2 గ్రేడు అంటారు. ధర ఎక్కువే. "అన్నీ ఫైర్‌ప్రూఫే సార్" అనే మాటతో సరిపెట్టుకోకండి. పరీక్ష చేసిన సర్టిఫికెట్ కాగితం చూపమనండి. ఆ కాగితం మీద ఉన్న రకమూ మీ షాపు ముందు దించిన షీటూ ఒకటేనా అని కూడా చూడండి. ఒక పనిలో నేను ఇది చూడక మోసపోయాను. కాగితం ఒక కంపెనీది, షీటు ఇంకో కంపెనీది. సగం బిగించాక తెలిసింది. విప్పించడానికి యజమానితోనూ కాంట్రాక్టరుతోనూ పడిన గొడవ ఇప్పటికీ తలుచుకుంటే తలనొప్పి వస్తుంది.

లాడ్జీలవాళ్లు ఇంకో తప్పు చేస్తున్నారు. ముఖమంతా నున్నగా కనపడాలని కిటికీల మీదుగా షీటో అద్దమో వేసేస్తున్నారు. లోపల పడుకున్నవాళ్లెవరు? రాత్రికి రాత్రి దిగిన యాత్రికులు. మెట్లు ఎటున్నాయో కూడా తెలియని మనుషులు. పొగ కమ్మితే వాళ్లు వెతుక్కునేది కిటికీనే. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి ఈ సంగతి సూటిగానే చెప్పింది. అద్దాల ముఖం పెడితే ప్రతి అంతస్తులోనూ బయటికి తెరుచుకునే పలకలు ఉండాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు. పది మీటర్లకు మించిన ఎడం లేకుండా ఒక్కొక్కటి. అద్దానికీ స్లాబుకూ మధ్య సందు ఉంటే, కింది అంతస్తు మంట పైకి రాకుండా దాన్ని మూసేయాలి. మరోసారి చెబుతున్నాను. కిటికీని తాపడం కింద పాతిపెట్టొద్దు.

అద్దం గురించి ఎలాగూ మాట వచ్చింది. 2022లో తిరుపతి రైల్వే స్టేషన్ కొత్త నమూనా బొమ్మలు బయటికి వచ్చినప్పుడు చాలామంది అభ్యంతరం చెప్పారు. ఇది ఐటీ కంపెనీ ఆఫీసులాగుంది గానీ తిరుపతిలాగా లేదన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. అయితే దానికి విరుగుడుగా కొందరు చేస్తున్నదీ నాకు నచ్చదు. ఫైబర్ గోపురం ఒకటి తెచ్చి సెల్‌ఫోన్ల షాపు నెత్తిన పెట్టడం, రెండు సిమెంటు గరుడులను ఏటీఎం పక్కన కూర్చోబెట్టడం. గోవిందరాజస్వామి ఏడంతస్తుల గోపురం పక్కనే ఉండగా ఈ బొమ్మ గోపురాలెందుకు? మన ఊరితనం ఎక్కడుందో పాత వీధులే చెబుతాయి. లోతైన సజ్జలో ఉంది. వచ్చిన మనిషి నిలబడి చెమట తుడుచుకునే పంచలో ఉంది. సున్నపు గోడలో ఉంది. మే నెలలో మధ్యాహ్నం దాటాక, నలభై దాటిన ఎండలో పడమటి వైపు నిలువుటద్దం పెట్టిన షాపులోకి పోయి చూడండి. ఏసీ ఆపకుండా రొద పెడుతూ ఉంటుంది. అద్దం పక్కన కూర్చున్న గుమాస్తా చెమటలు కక్కుతుంటాడు. చివరికి ఆ అద్దానికి లోపల పరదా కడతారు. పరదా కట్టడానికి అద్దమెందుకు చెప్పండి?

ఆంధ్రప్రదేశ్ పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళిని 2014లోనే తెచ్చింది. గోడ, కప్పు, కిటికీ ఎంత వేడిని లోపలికి రానివ్వొచ్చో అందులో హద్దులున్నాయి. మీది చిన్న షాపు కాబట్టి ఆ నియమం పట్టకపోవచ్చు. ఎండకు ఆ తేడా తెలియదు. పడమటి కిటికీకి రెండడుగుల సజ్జ, దాని ముందర నిలువు రెక్కలు. ఇవే చవకైన ఏసీ.

కరెంటు మాట చెప్పి ముందుకు పోతాను. మన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. అయినా వైర్లకు మన షాపుల మీద ప్రత్యేకమైన దయేమీ ఉండదు. 11 కేవీ లైనుకూ భవనానికీ పక్కవాటుగా కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలి. పాత గోడ ఆ దూరంలోనే ఉండి ఉంటుంది. మీరు ఫ్రేము కట్టి, షీటు బిగించి, దాని మీద పెట్టెలాంటి లైటు బోర్డు పెట్టేసరికి భవనం రెండడుగులు ముందుకు జరుగుతుంది. వైరు అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా గండం పనివాళ్లకు. పరంజా మీద నిలబడి పన్నెండడుగుల అల్యూమినియం గొట్టాన్ని అటు నుంచి ఇటు తిప్పే కుర్రవాడిని తలుచుకోండి. లైను దగ్గరగా ఉంటే ముందే కరెంటు ఆఫీసులో చెప్పి సరఫరా ఆపించుకొని పని చేయించండి.

పై మాటలు చాలు, కిందికి దిగుదాం. షాపు మెట్ల దగ్గరికి.

మన షాపుల మెట్లు ఎక్కడుంటాయి? నూటికి తొంభై కాలువ మీద. మునిసిపాలిటీ కాలువను నాపరాళ్లతో మూసి, దాని మీద మూడు మెట్లు కట్టి, మెట్ల పక్కన కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెడతాం. నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగుతారు. వాన పడితే కాలువ పూడిక తీసే దారి లేక నీళ్లు తిరిగి మన షాపులోకే వస్తాయి. బయటి రూపం మార్చేటప్పుడు దీన్ని సరిచేసుకునే అవకాశం దొరుకుతుంది. మెట్లను మన హద్దు లోపలికి జరుపుకోండి.

వీల్‌చైరుకు వాలుదారి కావాలి. ఒకటికి పన్నెండు లెక్క. అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు. షాపు నేల అడుగున్నర ఎత్తులో ఉంటే పద్దెనిమిది అడుగులు కావాలి. అంత చోటు మనకెక్కడిది అంటారు. నిజమే. అందుకని కొందరు నాలుగడుగుల్లో నిటారుగా ఒక దిమ్మె పోసి దాన్ని ర్యాంపు అంటారు. అది బైకు ఎక్కించడానికి పనికొస్తుంది, మనిషికి కాదు. తిరుపతిలో ఒక చిన్న హోటల్ యజమాని చేసిన పని నాకు నచ్చింది. గుమ్మాన్ని రోడ్డు మట్టానికి దించేసి, ఎత్తు తేడాను హోటల్ లోపల గోడ వెంబడి పొడుగాటి వాలుగా కలిపేశాడు. ఒక టేబుల్ చోటు పోయింది. ఇప్పుడు గుండు చేయించుకున్న మనవడిని ఒక చేత్తో, సంచిని ఇంకో చేత్తో పట్టుకున్న అవ్వ కూడా ఎవరి చెయ్యీ అందుకోకుండా లోపలికి నడిచిపోతుంది.

బోర్డుల సంగతికి వస్తే, షాపుల చట్టం కింద ఉన్న నిబంధన చాలామంది మరిచిపోయారు. పేరు తెలుగులో ఉండాలి. వేరే భాషలు రాసుకోవచ్చు, అవి తెలుగుకు కింద ఉండాలి. తిరుపతికి తమిళులొస్తారు, కన్నడిగులొస్తారు, ఉత్తరాదివాళ్లొస్తారు. నాలుగు భాషలు రాయడంలో తప్పు లేదు. తప్పల్లా బోర్డు కొలతలో ఉంది. పక్కవాడు ఆరడుగులు పెడితే మనం ఎనిమిది, వాడు మళ్లీ పది. చివరికి వీధి మొత్తం బోర్డే మిగులుతుంది, ఒక్క పేరూ చదవబుద్ధి కాదు.

హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ ఉంది. 1935 నాటి రాతి కట్టడం, దానికో గడియార స్తంభం. కొత్తగా ఏదో తగిలించి దాన్ని బాగుచేయలేదు. రేకుల పందిళ్లు, వేలాడే వైర్లు, అడ్డదిడ్డం బోర్డులు తీసేసి, నల్లబడిన రాతిని శుభ్రం చేశారు. 2020 ఆగస్టులో మళ్లీ తెరిచేసరికి జనం అది కొత్త భవనమేమో అన్నట్టు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఐస్‌క్రీం అమ్మేవాళ్లు అదే చోట ఐస్‌క్రీం అమ్ముకుంటున్నారు. బోర్డు చిన్నదైనందుకు వ్యాపారం ఏమీ పోలేదు.

చంద్రగిరిలో షాపులున్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ మొదటి వంద మీటర్లలో కొత్తగా కట్టడానికి లేదు. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న భవనానికి మరమ్మతు చేసుకోవచ్చు, ముందుగా అనుమతి తీసుకోవాలి. విసుగ్గానే ఉంటుంది. ఆ విసుగులో ఒకసారి కోటలోని రాజమహల్ ముందు నిలబడి చూడండి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన మూడంతస్తులు. ముందు వైపు కమానులు వరుసగా లోతుగా ఉంటాయి. మధ్యాహ్నం ఎండ ఆ కమానుల అంచు దగ్గరే ఆగిపోతుంది.

మిగతా ఊళ్లలో వెల్లవేయడం, పూత, రంగు లాంటి పనులకు అనుమతి జోలి లేదు. గోడ తీసి పెద్ద షట్టరు పెట్టడం, బాల్కనీ ముందుకు పెంచడం, పైన ఎత్తు లేపడం అయితే అనుమతి కావాలి. మునిసిపాలిటీ ప్లానింగ్ వాళ్లను ముందే కలవండి. పని అయ్యాక నోటీసు అందుకోవడం కన్నా పనికి ముందు టీ తాగుతూ అడగడం సులువు.

మా మామ సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. దీపావళి లోపల పని కాలేదు. బోలు గోడ చెక్కి, కమ్మీలు శుభ్రం చేసి, గార పెట్టేసరికి షీటు కోసం దాచిన డబ్బులో సగం దానికే పోయింది. మామ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మిగిలిన డబ్బుతో గోడకు లేత రంగు, కిటికీలకు సజ్జలు, గుమ్మం పైన ఒకే ఒక్క బోర్డు. షీటు వేయలేదు. సజ్జ అడుగున గాడి మాత్రం మేస్త్రీ తానే దగ్గరుండి తీశారు. కుర్రవాళ్లకు వదల్లేదు.

కార్తీకంలో ఒక రాత్రి చిత్తూరులో వాన దంచింది. పది గంటలప్పుడు ఫోన్ మోగింది. మామ. వెనక నుంచి వాన చప్పుడు. గొడుగేసుకొని రోడ్డుకు అవతల, ఆ వెండి రంగు షోరూం మెట్ల మీద నిలబడి మాట్లాడుతున్నారట.

"అబ్బోడా, టార్చి కొట్టి చూస్తా ఉండా. నీళ్లు గోడ మీదికి పోలా. ఆ గాడి కాడికి వస్తా ఉండాయి, టపటపా కింద పడతా ఉండాయి."

ఇంకా కాసేపు చూసి ఇంటికి పోతానని చెప్పి పెట్టేశారు.